మంచు మెట్లు, మూటలు: చిల్కూట్ కనుమ, 1898

ఎపిసోడ్ వినడానికి టైం దొరకనోళ్ల కోసం ఆ కథ ఇక్కడ రాస్తున్న.

పోయిన ఏప్రిల్ మొదట్లో సియాటిల్ దగ్గర ఒక కొండ ఎక్కడానికి పోయినం. బూట్లకు ఇనుప పళ్లు తొడుక్కున్నం. పొద్దున మంచు రాయిలెక్క గట్టిగా ఉంది, నడక సులువే. పది దాటి ఎండ ముదిరేసరికి కాలు మోకాలిదాకా దిగబడింది. మాతో వచ్చిన పెద్దాయన, శిఖరం కళ్లముందే ఉన్నా, "ఇంక దిగుదాం" అన్నడు. నాకు కోపమొచ్చింది. మర్నాడు ఊళ్లో ఉన్న క్లాండైక్ మ్యూజియంకు పోయి ఒక పాత ఫొటో చూసినంక ఆ కోపం పోయింది.

తెల్లటి కొండ మీద చీమల బారులెక్క మనుషులు. అది అలాస్కాలోని చిల్కూట్ కనుమ. 1896లో కెనడాలోని క్లాండైక్‌లో బంగారం దొరికింది. 1897 జూలైలో ఆ బంగారంతో ఓడ సియాటిల్ రేవుకు వచ్చింది. ఇంకేముంది! దాదాపు లక్షమంది బయల్దేరినరని అంచనా. ఉన్న ఉద్యోగాలు మానేసి, అప్పులు చేసి. మనకు తెలియని కథేం కాదు.

కనుమ మీద కెనడా పోలీసులు కాపలా ఉండేవాళ్లు. ఏడాదికి సరిపడా తిండి లేకుంటే లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. పనిముట్లతో కలిపితే ఒక్కో మనిషికి టన్ను బరువు. వీపున ఒకసారికి పాతిక, ముప్పై కిలోలు మోస్తే అదే కొండ ముప్పై, నలభై సార్లు ఎక్కాలి. మంచులో సుమారు 1,500 మెట్లు చెక్కినరు. ఊపిరి తీసుకుందామని వరస తప్పితే మళ్లీ దూరడానికి గంటలు పట్టొచ్చు. డబ్బున్నోళ్లు స్థానిక ట్లింగిట్ మనుషులను కూలికి పెట్టుకునేటోళ్లు. ఆ దారి తరతరాలుగా వాళ్ల వ్యాపార దారి, కొండ గుణం వాళ్లకు తెలుసు.

1898లో శీతాకాలం చివర మంచు విపరీతంగా పడింది, ఆపైన వాతావరణం వేడెక్కింది. పాత గట్టి పొర మీద కొత్త మంచు, దాని మీద వెచ్చదనం: జారడానికి ఇంతకంటే ఏం కావాలె? ఏప్రిల్ 3 ఆదివారం ట్లింగిట్ కూలీలు మూట ఎత్తమన్నరు. తెల్లవారకముందే చిన్న చిన్న మంచుపెళ్లలు జారినయి. పైనున్నోళ్లు భయపడి దిగసాగినరు. మధ్యాహ్నం ప్రాంతంలో కొండచరియ మొత్తం ఊడి మీద పడింది. అరవైమందికి పైగా చనిపోయినరు. వాళ్లల్లో, తాళ్ల మీద సామాను పైకి పంపే ట్రామ్‌వేల కూలీలు కూడా ఉన్నరు. పని ఆపి, మంచు తుఫానులో ఒకే తాడు పట్టుకుని వరసగా దిగుతుండంగ పోయినరు. బయల్దేరడం ఆలస్యమైంది, అంతే.

డైయీ అనే ఊరి శ్మశానంలో దాదాపు అన్ని సమాధుల మీద అదే తేదీ. కొద్ది రోజులకే జనం మళ్లీ వరస కట్టినరు. ఆ ఎండాకాలం డాసన్ చేరినోళ్లల్లో చాలామందికి తవ్వడానికి జాగా మిగల్లేదు, ముందొచ్చినోళ్లు పంచుకున్నరు. కొందరు వాళ్ల దగ్గరే కూలికి కుదిరినరు.

వచ్చేవారం ఎపిసోడ్‌లో మీ మాట వినాలని ఉంది. ఎండకో, గాలికో, క్రేన్‌కో భయపడి మీరు పని ఆపిన రోజు ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆ రోజు కూలి దొరికిందా లేదా అన్నది కూడా చెప్పండి.