బ్లాకు టిక్కెట్టు: దాని పుట్టుక, దాని మందు

ఆటశాలలో కూర్చుండు చోటు ధాన్యమువలె నిలువచేయదగిన సరుకు కాదు. ఆట ముగిసినంతనే దాని విలువ సున్న. అట్టి చోటును సైతము ముందుగా కొని దాచి, ఆశపడి వచ్చినవానికి ఇబ్బడి ముబ్బడి వెలకు అమ్ముట మన నాట ఎట్లు వేరూనినది? ఈ ప్రశ్నను మేమిచ్చట విచారింపదలచితిమి. వినోదమునకు సంబంధించిన యల్పవిషయమని కొందఱు నవ్వవచ్చును. కాని కూలివాని కున్న యొక్క వినోదమును వానికందకుండ చేయు పద్ధతి యల్పమెట్లగును?

గండియొద్ద కొండలను చీల్చుకొని వచ్చు పాపాఘ్ని మా కమలాపురము ప్రక్కగా సాగి పెన్నలో కలియును. ఆ గండి యున్న చక్రాయపేట ప్రాంతముననే సురభి యను పల్లె గలదు. 1885లో వనారస గోవిందరావుగారచ్చట కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. తోలుబొమ్మలాడించు కుటుంబమునుండి వెలసిన యీ సురభి నాటకసమాజము ఊరూర తిరుగుచు, స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ధరింపజేసి, తెలుగు రంగస్థలమునకు క్రొత్తదారి చూపెను. ఆడువారును ఆడించువారును ఒక్క కుటుంబమువారే. నేడు చోటు దొరకనివాడు రేపటి యాటకు రావచ్చును. ఇట్టిచోట నడిమి బేరగానికి పనియే తక్కువ.

చలనచిత్రము వచ్చినపిదప నీ స్థితి మాఱెను. 1921లో బెజవాడలో మారుతీ సినిమాశాల వెలసెను. 1932 ఫిబ్రవరిలో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద విడుదలయ్యెను. చిత్రము తీయువా డొకడు, పంచిపెట్టువా డొకడు, చూపువాడు వేఱొకడు అయ్యెను. 1939లో మద్రాసు ప్రభుత్వము వినోదపు పన్ను చట్టమును చేసెను; 1955లో ఆంధ్రరాష్ట్రమున సినిమాశాలల క్రమబద్ధీకరణ చట్టము పుట్టెను. నేలకింత, బెంచీకింత, కుర్చీకింత యని ధర లేర్పడెను. అచ్చువేసిన వెల యొకటి, మొదటినాటి జనుల యాతురత వెలకట్టినది వేఱొకటి. ఈ రెంటి నడిమి సందుననే బ్లాకు టిక్కెట్టు మొలచెను.

వీధిలో చెవి దగ్గఱకు వచ్చి గుసగుసలాడు కుఱ్ఱవానినే మనము దొంగయందుము. పోలీసులును వానినే పట్టుదురు. కాని కిటికీనుండి కట్టలుగా వెలువడని టిక్కెట్టు వీధిలో కట్టలుగా దొరకునా? పన్ను అచ్చువెలపైననే లెక్కింపబడెను గనుక, ఆపై సొమ్ము ప్రభుత్వమునకు గాని, చిత్రము తీసినవానికి గాని, వేషము వేసినవానికి గాని చేరలేదు.

ఈ జాడ్యము మనకే పరిమితము కాదు. 1867లో డికెన్సు మహాశయుడు అమెరికాలో తన రచనలను చదివి వినిపింప వెళ్లినప్పుడు, న్యూయార్కున బేరగాండ్రు వరుసలలో నిలిచి టిక్కెట్లు కొని హెచ్చు వెలకు అమ్మిరి. అంతకుముందు 1850లో జెన్నీ లిండు అను గాయని కచేరీకి బార్నము అను వ్యాపారి టిక్కెట్లను బహిరంగముగా వేలము వేసెను. మొదటి టిక్కెట్టు 225 డాలర్లు పలికెను. వేలమున దొంగతనము లేదు, నిజమే. కాని పేదవానికి చోటును లేదు.

వెల తగ్గించిన చాలునందుమా? 2021 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామపంచాయతీలలో శీతలయంత్రములు లేని శాలలందు కడపటి తరగతికి 5 రూపాయలే యని శాసించెను. అది వ్యాజ్యమునకెక్కెను, 2022 మార్చిలో 20 రూపాయలు మొదలు 250 వఱకు క్రొత్త ధరలు వచ్చెను. ఉద్దేశము మంచిదే. కాని ధర తగ్గించి అమ్మకమును కనిపెట్టనిచో, తగ్గినంతమేరయు బేరగాని లాభమే యగును. టిక్కెట్లన్నియు ప్రభుత్వపు యంత్రముద్వారానే అమ్మవలెనని 2021 నవంబరున చట్టమును సవరించిరి. దాని యమలును 2022 జులైలో హైకోర్టు ఆపెను. యంత్రమొక్కటియే మందు కాదనుటకు వేఱు నిదర్శనమును గలదు. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే అను ఆంగ్ల గాయకబృందపు ముంబయి కచేరీలకు టిక్కెట్లు యంత్రముద్వారానే అమ్మిరి. 2,500 రూపాయలనుండి అమ్మిన యా టిక్కెట్లకే మఱునాటికి ఎన్నో రెట్లు వెల చెప్పిరి.

కావున మేము కోరునవి మూడు. కొన్నవాని పేరు టిక్కెట్టుపై నుండవలెను. రాలేనివాడు దానిని కొన్నచోటనే కొన్నవెలకే తిరిగి యీయగలుగవలెను; ఐర్లండు దేశము 2021లో అచ్చువెలకు మించిన మాఱుబేరమును చట్టముచే నిషేధించినది. ప్రతి యాటకును ఎన్ని చోట్లున్నవో, ఎన్ని యెవరికై ముందే తీసిపెట్టిరో, శాల ముంగిట పలకపై వ్రాయవలెను. 'హౌస్‌ఫుల్' పలక పెట్టుటకు తీరికగలవారికి ఇది కష్టము కాదు.

నాలవది మన చేతిలోనిది. పండుగనాడు బిడ్డలు మారాము చేయుదురని, బంధువులెదుట చిన్నతనమగునని, ముబ్బడి యిచ్చి కొని లోపలికి పోవువారము మనమే. మఱునాడు అవినీతిని నిందించువారమును మనమే. ఆట యొక వారము పిదపనైనను ఆటయే. తండ్రి వరుసలో వెనుదిరుగుట చూచిన బిడ్డ, ఆనాడు చిత్రమును చూడకపోయినను, అంతకంటె పెద్దదానిని నేర్చుకొని యింటికి వచ్చును.