కృష్ణాముఖమున మత్స్యముల పట్టిక

మన పూర్వులు రాజవంశావళులను, దేవాలయ మాన్యములను రాళ్లపై చెక్కించిరి. ఏటిలోని చేపల జాబితా వ్రాయింపవలెనని తలచినవా రరుదు. పేరులోనే మత్స్యమున్నదని లోకము చెప్పుకొను మచిలీపట్టణమున నివసించు మనలో, తాతల కాలమున కృష్ణలో ఏయే మీనము లుండెనో చెప్పగలవా రెందఱు?

తెలుగుతీరపు చేపలను శాస్త్రపద్ధతిని వర్ణించిన తొలివారిలో పాట్రిక్ రసెల్ అను వైద్యుడు ముఖ్యుడు. ఆయన విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల చిత్రములను, వర్ణనలను 1803లో ప్రకటించెను. స్థానికులు పలికిన పేళ్లనే ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. మన వాలుగ యనుమాటయే నేడు శాస్త్రజ్ఞుల నోట ‘వల్లాగో’ యై నిలిచియున్నది. చేప పేరు నిలిచినది. దానిని చెప్పిన జాలరి పేరు నిలువలేదు.

1852 మొదలు 1855 వఱకు బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట కట్టిరి. దానివలన డెల్టాలో పంటలు పెరిగినవి. ఆ మేలు కాదనుట కృతఘ్నత. కాని సముద్రమునుండి ఏటి కెదురీది గ్రుడ్లు పెట్టవచ్చు పొలసవంటి చేపలకు ఇట్టి కట్టలు అడ్డుగోడలు. మత్స్యశాస్త్రజ్ఞుడైన ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలో ఈ విషయమును చర్చించెను. అప్పటికే కట్ట వెలసియున్నది. ముందుగా లెక్క వ్రాసి యుంచనిచో, పోయినదానిని కొలుచుటకు కొలబద్ద యెక్కడిది?

ఇప్పు డా లెక్క వ్రాయుటకు క్రొత్త సాధన మొకటి లభించినది. నీట నీదు ప్రతిప్రాణియు తన పొలుసును, జిగురును, మలమును కొంతకొంత విడుచుచుండును. వానిలో ఆయా జాతికి ప్రత్యేకమైన డీఎన్ఏ యుండును. కొలది నీటిని సన్నని వడపోతలో వడగట్టి, అందు చిక్కిన డీఎన్ఏను ప్రయోగశాలలో అనేక రెట్లు పెంచి, తెలిసిన జాతుల గుర్తులతో సరిపోల్చినచో, వల వేయకయే చేప యునికి తెలియును. 2008లో ఫ్రాన్సునందలి కుంటల నీటిని పరీక్షించి అమెరికాజాతి కప్పను గుర్తించిరి. 2012లో డెన్మార్కువారు సముద్రజలమునుండి చేపలజాతులను గుర్తించిరి.

మన హైదరాబాదునందు సీసీఎంబీ యని ప్రసిద్ధమైన పరిశోధనాలయమువారు ఈ పద్ధతితోనే తూర్పుకనుమల జలాశయములను శోధించిరి. దక్షిణామెరికానుండి గాజుతొట్ల యలంకారమునకై తేబడి, పిమ్మట మన జలములలో జేరి, జాలరుల వలలను చింపుచున్న దెయ్యపుచేప అచటి జలాశయములలో నూటికి సుమారు 60 చోట్ల వ్యాపించినదని తేల్చిరి. ఇట్టి హెచ్చరిక ముందుగా అందినచో ఎంత మేలు!

అయినను నీటి సాక్ష్యమును విచారింపక నమ్మరాదు. గుడివాడ ప్రాంతపు చేపలచెఱువుల నీరు మురుగుకాలువలలోనికి పాఱును. ఆ కాలువలో బొచ్చెజాడ కనబడినంతమాత్రమున బొచ్చె యందు స్వేచ్ఛగా బ్రదుకుచున్నదనరాదు. దివిసీమలో నాగాయలంక, కోడూరుల దిక్కున మడయడవుల పాయలను సముద్రపు పోటుపాటులు ముందువెనుకలకు నడుపును. ఒకచోటి జాడ మఱొకచోటికి చేరును. గిలకలదిండి రేవున చేపలు కడిగిన నీటిలో దూరసముద్రపు మీనముల జాడయు కలియును. పైగా ఈ పరీక్ష చేప యున్నదని చెప్పునేకాని, పిల్లయో పెద్దదో చెప్పజాలదు. ఎన్ని యున్నవో సరిగా లెక్కింపజాలదు. గుర్తు ముందే నమోదుకాని జాతికి పేరు పెట్టనులేదు.

ఈ లోపమును తీర్చువాడు జాలరియే. ఏ ఋతువున ఏ చేప ఏ పాయకు వచ్చునో, ఏది చెఱువునుండి తప్పించుకొన్నదో, ఏది ఏటి పుట్టువో అతడెఱుగును. కావున నియమితస్థలములలో ప్రతి ఋతువునందు నీరు పట్టించి, ఆ ఫలితము ప్రక్కనే జాలరి చెప్పిన మాటయు, అతని యనుమతితో పేరును వ్రాసి, అతని శ్రమకు తగిన కూలి నియ్యవలెను. ఆ పట్టిక నగరముల ప్రయోగశాలలకే పరిమితము గాక, తెలుగున వ్రాయబడి గ్రామపంచాయతీలోను, పాఠశాలలోను ఉండవలెను.

చదువరులారా! రసెల్ నాడు చెప్పినవాని పేరు మఱచితిమి; ఆనకట్ట నాడు లెక్క మఱచితిమి. సాధనము చేతికందిన ఈనాడు రెండును మఱచితిమేని, మన మనుమలకు చెప్పుకొనుటకు సాకు మిగులదు.