మోటారు కిట్టు (సైకిలు)

మోటారు కిట్టు అనగా మామూలు సైకిలుకు తగిలించి దానిని యంత్రబలంతో నడుపుటకు ఉపయోగించే పరికరాల సముదాయము. మోటారు, దానిని అదుపు చేసే కంట్రోలరు, బ్యాటరీ, యాక్సిలరేటరు పిడి, బ్రేకు స్విచ్చులు ఇందులో ముఖ్యమైనవి. పెట్రోలుతో నడిచే కిట్టులు కూడా ఉన్నవి కాని, భారతదేశంలో వాటికి చట్టపరమైన చిక్కులు ఎక్కువ. అమరావతి చుట్టుపక్కల గల పత్తి, మిరప మైదానం వంటి సమతల ప్రాంతాలకు తక్కువ శక్తి గల విద్యుత్ కిట్టు సరిపోతుంది.

చరిత్ర

సైకిలుకు ఇంజను తగిలించే ప్రయత్నాలు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపాలో బాగా వ్యాపించినవి. ఇటలీలోని డుకాటి సంస్థ 1946 నుండి తయారుచేసిన 48 సీసీ "కూచోలో" ఇంజను సైకిలుకు బిగించుకొనుటకు ఉద్దేశించినదే. మోటారు సైకిళ్ళకు పేరుపొందిన ఆ సంస్థ ఈ రంగంలో అడుగు పెట్టినది ఈ చిన్న ఇంజనుతోనే. భారతదేశంలో కిట్టుల కంటే కర్మాగారంలో తయారైన మోపెడ్లే ముందు ప్రచారంలోకి వచ్చినవి. పూణేకు చెందిన కైనెటిక్ సంస్థ 1972లో లూనాను, హోసూరు నుండి టీవీఎస్ 1980లో టీవీఎస్ 50ని విడుదల చేసినవి. విద్యుత్ కిట్టులు ఇక్కడికి వచ్చినది చాలా కాలం తరువాతనే.

కావలసిన శక్తి

మనిషి, సైకిలు, కిట్టు కలిపి 100 కిలోలు ఉన్నపుడు గాలి లేని చదును రోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగానికి చక్రం వద్ద సుమారు 100 వాట్లు చాలును. కృష్ణ కరకట్ట ఎక్కునపుడు, క్యారియరుపై మిరపకాయల టిక్కీ ఉన్నపుడు ఇది రెండింతలు దాటుతుంది. కనుక 250 వాట్ల మోటారు ఉన్నా ఎత్తు ఎక్కేటపుడు పెడలు తొక్కుట అవసరము.

రకాలు

చక్రం మధ్యలోనే మోటారు ఉండేది హబ్ మోటారు. విడిగా బిగించిన మోటారు చైను ద్వారా వెనుక చక్రాన్ని తిప్పునది రెండవ రకము. పల్లెలలో కనిపించే పాతకాలపు నల్ల సైకిలుకు రెండవదే అనుకూలమని చెప్పవచ్చును. ఆ సైకిలు ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 స్పోకులు ఉండుట పరిపాటి. హబ్ మోటార్లకు సాధారణంగా 36 రంధ్రాలు ఉంటాయి కనుక పాత రిమ్ము దానికి పనికిరాదు. చక్రాన్ని కొత్తగా అల్లించుకోవలెను.

అమర్చు విధానము

చైను కిట్టులో వెనుక చక్రానికి ఉన్న ఫ్రీవీలును తీసి, రెండు పళ్ళచక్రాలు గల జంట ఫ్రీవీలును బిగిస్తారు. ఒకదానిపై పెడలు చైను, రెండవదానిపై మోటారు చైను నడుస్తాయి. అందుచేత మోటారు ఆగినా మామూలుగా తొక్కవచ్చును. రెండు చైనులు ఫ్రేముకు రాసుకొనకుండా ఇరుసుకు వాషర్లు వేసి చక్రాన్ని మధ్యకు తేవలెను. వేగం పళ్ళ లెక్కపై ఆధారపడుతుంది. మోటారు నిమిషానికి 300 చుట్లు తిరుగుతూ, దాని పళ్ళు 9, చక్రం వైపు పళ్ళు 18 అయితే చక్రం 150 చుట్లు తిరుగును. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు కనుక వేగం గంటకు 20 కిలోమీటర్లు అగును.

హబ్ మోటారు విషయంలో ఇరుసు మీద శ్రద్ధ వహించవలెను. చక్రాన్ని ముందుకు తిప్పే బలము ఇరుసును వెనుకకు తిప్పుతుంది. నట్టు వదులైతే ఇరుసు ఫోర్కు చీలికలో తిరిగి వైర్లను తెంపుతుంది, ముందు చక్రమైతే ఊడిపోవచ్చును. దీనిని నివారించుటకు టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీని ఫోర్కుకు బిగిస్తారు. ఇరుసు పట్టలేదని ఫోర్కు చీలికను ఆకురాయితో అరగదీయుట కొందరి అలవాటు, కాని ఎక్కువగా అరగదీస్తే ఫోర్కు బలం తగ్గును.

బ్రేకులను చాలామంది చివరకు వదిలేస్తారు. మొదట చూడవలసినది అదే. కిట్టుతో వచ్చే బ్రేకు పిడి నొక్కగానే మోటారుకు కరెంటు ఆగిపోవును, కాని ఆ పిడి తీగ బ్రేకులకు మాత్రమే సరిపోతుంది. నల్ల సైకిలుకు ఉండేవి రాడ్ బ్రేకులు. వాటి రబ్బరు దిమ్మెలు రిమ్ము లోపలి వైపు పట్టుకొంటాయి. ఆ రిమ్ముకు పక్క బ్రేకులు పట్టుటకు తగిన చదును ఉండదు. కావున రిమ్ము మార్చవలెను, లేదా రాడ్ బ్రేకును ఉంచి దాని పిడి వద్ద విడిగా స్విచ్చు అమర్చవలెను.

రేగడి నేలల్లో వర్షాకాలపు బంక మట్టి టైరుకు, మడ్‌గార్డుకు మధ్య పేరుకొని చక్రాన్ని పట్టివేస్తుంది. కదలని మోటారు అత్యధిక కరెంటును లాగుతుంది. అపుడు యాక్సిలరేటరు పట్టి ఉంచితే తీగచుట్టలు కాలిపోవును. దిగి మట్టి తీయుటే మార్గము.

బ్యాటరీ

36 వోల్టులు, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో 360 వాట్-గంటల శక్తి ఉంటుంది. కిలోమీటరుకు 10 నుండి 12 వాట్-గంటలు ఖర్చగునని లెక్కిస్తే 30 నుండి 36 కిలోమీటర్లు వచ్చును. అమరావతి నుండి లాం మీదుగా గుంటూరు సుమారు 32 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణానికి మరల ఛార్జి చేయవలెను.

లిథియం బ్యాటరీకి వేడి పడదు. వేసవిలో ఎండలో నిలిపిన వెంటనే ఛార్జింగు పెట్టరాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. కనుక నిద్రించే గదిలోను, బయటకు పోవు దారికి అడ్డంగాను ఛార్జి చేయరాదు. రక్షణ సర్క్యూటు లేని బ్యాటరీని ధర తక్కువని కొనరాదు.

చట్టము

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు కంటే తక్కువ చక్రాలు ఉండి, ఇంజను 25 సీసీకి మించని వాహనం మోటారు వాహనం కాదు. పెట్రోలు కిట్టుల ఇంజన్లు తరచు 49 సీసీ లేదా అంతకు మించి ఉంటాయి కనుక వాటికి ఈ మినహాయింపు వర్తించదు. అటువంటి వాహనానికి రిజిస్ట్రేషను, భీమా, లైసెన్సు కావలెను.

విద్యుత్ వాహనాలకు 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో మినహాయింపు కలదు. మోటారు శక్తి 250 వాట్ల కంటే, వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువ ఉండవలెను. బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించరాదు. తగిన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు ఉండవలెను. అయితే ఇవన్నీ గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించినపుడే మినహాయింపు లభిస్తుందని ఆ నియమమే చెప్పుచున్నది. కిట్టు పెట్టెపై "250 వాట్లు" అని ముద్రించి ఉన్నంత మాత్రాన ఇంటి వద్ద బిగించిన సైకిలుకు ఆ ధ్రువీకరణ వచ్చినట్లు కాదు. అమ్మకందారు లైసెన్సు అక్కరలేదని చెప్పునపుడు ఆ కిట్టు పరీక్షా పత్రాన్ని అడిగి చూడవలెను.