ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవల పునరుద్ధరణ

అమెరికాలో 1959లో వచ్చిన పియర్సన్ ట్రైటన్ తరం ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవలు కొన్ని నేటికీ తిరుగుతున్నాయి. కార్ల్ ఆల్బెర్గ్ రూపొందించిన ఈ 28 అడుగుల పడవ అడుగుభాగం మందం. అంత సులువుగా చెడదు. చెడేది డెక్కు. అక్కడ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల నడుమ తేలికైన బాల్సా చెక్క ఉంటుంది. బోల్టుల రంధ్రాల గుండా నీరు దిగితే అది లోలోపలే కుళ్లుతుంది. సుత్తితో మెల్లగా తట్టితే గట్టిచోట ఖంగుమంటుంది, కుళ్లినచోట శబ్దం మందగిస్తుంది. పై పొర కోసి, తడి చెక్కంతా తవ్వి తీసి, బాగా ఆరనిచ్చి, కొత్త బాల్సా గానీ ఫోమ్ గానీ ఎపాక్సీ రెసిన్‌తో అతికించి మళ్లీ పొరలు వేస్తారు. అతుకు బలమంతా అంచులోనే ఉంది: పొర మందానికి సుమారు 12 రెట్ల వెడల్పున దాన్ని ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక మాస్కు తప్పనిసరి. పడవలో గట్టిపడి ఉన్న పాత పాలిస్టర్ రెసిన్‌ను ఎపాక్సీ పట్టుకున్నంత బలంగా కొత్త పాలిస్టర్ పట్టుకోదు; ధర ఎక్కువైనా ఎపాక్సీయే మేలు. బోల్టు రంధ్రాలను వెడల్పు చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక తిరిగి తొలిస్తే చెక్కకు నీరు తగలదు.

నీటిలో మునిగే భాగంపై లేచే బొబ్బలది వేరే కథ. జెల్‌కోట్ అనే పై పూత గుండా ఇంకిన నీరు లోపలి రసాయనాలను కరిగించుకుని ఒత్తిడి పెంచుతుంది. వాటిని తెరిచి, కడిగి, వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఆరబెట్టాకే పూడుస్తారు.