నీటిలో మందు, మెదడులో లోహం: వినుకొండ ప్రాంత చేపలపై పరిశోధనకు ముందుమాట

వినుకొండ దగ్గరి అగ్నిగుండాల నేలలో సీసమూ రాగీ ఉన్నాయి. బండ్లమోటులో సీసం ఖనిజం తవ్వారు; నల్లకొండ, ధూకొండల్లో రాగి నిక్షేపాలు బయటపడ్డాయి. ఆ సీసం గని మూతపడినా ఈ నేలకు లోహం రాక ఆగలేదు. మిరప తోటల్లో తెగుళ్లకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో రాగి, మాంకోజెబ్‌లో మాంగనీసూ జింకూ ఉంటాయి. గట్టి వాన పడితే చేల నీరు వాగుల్లోకి దిగుతుంది. కొన్ని వాగులు గుండ్లకమ్మలో కలుస్తాయి. ఆ నీటిలో బతికే చేపకు లోహాన్ని పట్టుకునే మందు ఇస్తే దాని మెదడులో ఏం మారుతుంది, నడవడిలో ఏం మారుతుంది? మందు లోహాన్ని ఎక్కడ పట్టుకుందో తేల్చకుండా మెదడు మీద పనిచేసిందని రాయకూడదన్నది నా వాదన.

ఈ మందుల్ని చిలేటర్లంటారు. పీత డెక్కకు గ్రీకులో ఉన్న పేరు తీసుకుని 1920లో మోర్గాన్, డ్రూ ఈ మాట పెట్టారు. అది పనిచేసే తీరు కంటితో చూడొచ్చు. గ్లాసులో పలచగా కలిపిన మైలుతుత్తం నీటిలో చిటికెడు ఈడీటీఏ అనే చిలేటర్ వేసి కలిపితే లేత నీలం చిక్కబడుతుంది. రాగి అయాన్‌ను చుట్టుకుని ఉన్న నీటి అణువుల్ని నెట్టేసి ఈడీటీఏ ఆ చోట కూర్చుంది. రాగి ఎక్కడికీ పోలేదు, గ్లాసులోనే ఉంది; కాకపోతే చేప మొప్పకు ఇక సులువుగా దొరకదు. మన కోస్తా రొయ్యల హేచరీల్లో పిల్లల తొట్టి నీటిలో ఈడీటీఏ కలపడం ఇందుకే.

పరిశోధకుడు పొరబడేది కూడా ఇక్కడే. గాయపడిన చేప చర్మం నుంచి వెలువడే పదార్థం వాసనకు తోటి చేపలు బెదురుతాయని 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ చెప్పాడు. 2007లో శాండాల్ బృందం కోహో సాల్మన్ పిల్లల్ని లీటరుకు 2 నుంచి 20 మైక్రోగ్రాముల రాగి ఉన్న నీటిలో 3 గంటలు ఉంచింది. వాటి ముక్కు మొద్దుబారి, ఆ వాసనకు బెదరడం తగ్గిపోయింది. రాగి మెదడుదాకా పోనక్కర్లేదు, వాసన పట్టే కణాలు దెబ్బతింటే చాలు. అలాంటి నీటిలో ముందే ఈడీటీఏ కలిపితే చేప మామూలుగానే బెదురుతుంది. దాన్ని చూసి మందు మెదడును కాపాడిందని రాస్తే తప్పు.

రెండో పొరపాటు దీనికి తలకిందులు. చేప ఒంటికి రాగి కావాలి కూడా. రాగిని పట్టేసే నియోకుప్రోయిన్ తగిలిన జీబ్రాచేప పిండంలో వెన్ను మెలికలు తిరుగుతుందని 2006లో మెండెల్సన్ బృందం చూపింది. అదే ఏడాది టిల్టన్ బృందం డైథయోకార్బమేట్లనే రసాయనాల వల్లా అలాంటి వైకల్యమే వస్తుందని తేల్చింది. విత్తనశుద్ధికి వాడే థైరం ఆ కుటుంబానిదే, మాంకోజెబ్ దాని దగ్గరి చుట్టం. వెన్ను వంకరైన పిల్ల నిటారుగా ఈదలేదు. వీడియోలో అది నరాల జబ్బులాగే కనిపిస్తుంది.

సీసం సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. అమెరికాలో రక్తంలో సీసం ఉన్న 780 మంది పసిపిల్లలకు సీసాన్ని పట్టే సక్సిమర్ మందో, మందులేని మాత్రో ఇచ్చి చూసిన అధ్యయనం 2001లో వెలువడింది. మందు పడ్డ పిల్లల రక్తంలో సీసం తగ్గింది. తెలివితేటల పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు. సక్సిమర్ నీటిలో కరిగే మందు, మెదడులోకి అంతగా చొరబడదు. పైగా ఎదిగే మెదడుకు ముందే జరిగిన నష్టాన్ని మందు వెనక్కి తేలేకపోవచ్చు. అందుకే చేప రక్తంలో సీసం తగ్గిందన్న అంకె ఒక్కటీ చూసి మెదడు గురించి తీర్పు చెప్పలేం.

మన దగ్గర ఈ పని చేసేవారు మూడు జాగ్రత్తలు తీసుకోవాలని నా అభిప్రాయం. చేపకు లోహం తగిలించాక శుభ్రమైన నీటిలోకి మార్చి, మందును నీటిలో కలపకుండా మేతలో గానీ సూదితో గానీ ఇవ్వాలి. సీసం ఒక్కదాన్నే కాక జింకు, రాగి, ఇనుము, మాంగనీసులను కూడా మెదడులో కొలవాలి. ఒకదాన్ని లాగే మందు పక్కదాన్నీ లాగుతుంది. మందును నీటిలోనే కలిపి చూసే ప్రయోగమైతే నీటి కాఠిన్యం కూడా రాసిపెట్టాలి. కాల్షియం ఎక్కువున్న బోరు నీటిలో ఈడీటీఏ కొంత దానికే చిక్కుకుంటుంది.

ఇక ఏ చేపను ఎంచుకోవాలి? కొత్త తొట్టిలో వదలగానే జీబ్రాచేప అడుక్కి దిగి, కాసేపు నక్కి, నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా పైకి వస్తుంది. మొదటి ఆరు నిమిషాల్లో దాని బెదురు కొలవడం తేలిక. కానీ దాని మెదడు కొన్ని మిల్లీగ్రాములే, చాలాసార్లు పది మెదళ్లు కలిపి పరీక్షించాల్సి వస్తుంది. అప్పుడు ఏ చేప బెదిరిందో, ఏ మెదడులో ఎంత లోహం ఉందో జతపడదు. మన చెరువుల్లోని మట్టగిడసకు ఆ ఇబ్బంది తక్కువ, ఒక చేపకు ఒక మెదడు సరిపోతుంది. అయితే అది గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి వస్తుంది గనుక ఆ తొట్టి పరీక్ష దానికి పనికిరాదు. తొట్టిలో పరిగె చేపను వదిలి, మట్టగిడస ఎన్ని క్షణాల్లో దూకి దాన్ని పట్టుకుంటుందో కొలవాలి.