థీసిసా, ఇంటర్న్‌షిప్పా: ఒక పాత పేచీ

వైజాగ్‌లో ఆంత్రోపాలజీ పీజీ చదివేవాళ్ళకి ఏదో ఒక రోజు ఈ పేచీ తప్పదు. అరకు వైపు ఒక ఊళ్ళో మకాం వేసి థీసిస్ రాయాలా, ఏ ఎన్జీవోలోనో కంపెనీ సీఎస్సార్ విభాగంలోనో ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ పట్టుకోవాలా? ఇంట్లోవాళ్ళు రెండోదే అంటారు. పాపం, వాళ్ళ లెక్క వాళ్ళది.

నిజానికి ఈ జిల్లా జనం గురించి పెద్ద పుస్తకాలు ముందు రాసింది థీసిస్‌వాళ్ళు కాదు, ఉద్యోగులు. కార్మైకేల్ మాన్యువల్ 1869లో వచ్చింది, ఫ్రాన్సిస్ గెజెటీర్ 1907లో. ఇద్దరూ తెల్లదొరతనం కొలువులో ఉన్నవాళ్ళే. కొండమీద జనం వాళ్ళకి ముందుగా పాలించాల్సిన జనం.

రెండు దారులూ నడిచిన మనిషి హైమెండార్ఫ్. వియన్నాలో అస్సాం, బర్మా కొండజాతుల మీద పుస్తకాలు చదివి థీసిస్ రాశాడు. 1939లో మళ్ళీ ఇండియా వచ్చాక యుద్ధం మొదలైంది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. హైదరాబాద్ రాజ్యం దాటొద్దన్నారు. ఆ కట్టడిలోనే చెంచుల పుస్తకం (1943), కొండరెడ్ల పుస్తకం (1945), రాజ్‌గోండుల పుస్తకం (1948) పుట్టాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. 1945కల్లా హైమెండార్ఫ్ సలహాదారు. మర్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ, భూములకి పట్టాలు: ఇదంతా ఉద్యోగం పని. నిజాం కొలువులో దొర కదా అంటారు. అనాలి కూడా. కానీ 1970ల చివర తిరిగొచ్చినప్పుడు, ఆ భూములు ఎలా చేజారిపోయాయో 1982 పుస్తకంలో చూపించగలిగాడంటే, నలభైల్లో ఊళ్ళల్లో కూర్చుని రాసుకున్నది చేతిలో ఉండబట్టే.

అలాగని ఫైళ్ళ పనిని తీసిపారేయలేం. బొర్రా ప్రాంతం మైనింగ్ లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు నిలబడింది 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, దాని 1970 సవరణ మీద. ఏజెన్సీలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారే, అదే. అది తెలియని ఆంత్రోపాలజిస్టు ఏజెన్సీలో ఉత్త చుట్టం.

ఇక ఉక్కు సంగతి. 1966 ఉద్యమం అందరికీ తెలుసు, 1971లో శంకుస్థాపన కూడా. భూములిచ్చిన కుటుంబాల చేతికొచ్చింది ఆర్ కార్డు. నష్టపరిహారం కాగితంలో ఇల్లుంటుంది, చెట్లుంటాయి, సెంట్లుంటాయి. గ్రామదేవత పండక్కి ఘటం ఎవరింటి నుంచి లేచేది, ఏ ఊరికీ ఏ ఊరికీ వియ్యం, కాలనీకొచ్చాక ఆ వరసలు ఏమయ్యాయి, అవి ఉండవు. ప్రశ్నాపత్రం పట్టుకుని ఆరు వారాలు తిరిగితే ఇళ్ళు లెక్కపెట్టొచ్చు. ఈ సంగతులు చెప్పాలంటే అవతలివాళ్ళకి మన మీద గురి కుదరాలి.

అందుకే నా ఓటు ముందు థీసిస్‌కి. ఇంటర్న్‌షిప్పే తప్పకపోతే, రాసిన రిపోర్టు ఎవరి బీరువాలోకి పోతుందో చేరకముందే అడగండి. ఊరు వదిలి కాలనీకొచ్చిన తరంవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. వాళ్ళ నోట వినాలంటే వెళ్ళాల్సింది ఇప్పుడే.