టాప్ బూటా, బాటమ్ బూటా?

"సైజు అదే, పిన్నులూ అవే, ఫ్లాష్ చిప్పు మారిస్తే సాఫ్ట్‌వేర్ ఎందుకు మార్చాలి?" పర్చేజ్ వాళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో వైవా కోసం మేం బట్టీ పట్టిన ఒక్క ముక్కలో దీనికి సగం జవాబుంది. రీసెట్ అయ్యాక 8085 సున్నా అడ్రసు నుంచి మొదలెడుతుంది. 8086 మాత్రం ఒక మెగాబైటుకి 16 బైట్లు తక్కువలో, అంటే పైనుంచి.

ఆ ల్యాబ్‌లో ఉండేవి ఈప్రోమ్‌లు. అల్ట్రావయొలెట్ దీపం కింద ఇరవై నిమిషాలు పెడితే మొత్తం చెరిగిపోయేది. సెక్టార్ అన్న మాటే లేదు. తోషీబాలో ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్‌ని లోకానికి చూపించాక, 1988లో ఇంటెల్ నార్ ఫ్లాష్ అమ్మడం మొదలెట్టింది. ఆ తొలి చిప్పులదీ అదే వరస, చెరిపితే మొత్తం పోవాల్సిందే. మధ్యలో కరెంటు పోయిందా, బూట్ కోడ్ కూడా హుళక్కి!

అందుకని 1990ల మొదట్లో బూట్ బ్లాక్ చిప్పులొచ్చాయి. ఇంటెల్ 28ఎఫ్001బీఎక్స్‌లో 128 కేబీని 8, 4, 4, 112గా కోశారు. మరి ఆ చిన్న ముక్కలు ఏ చివర ఉండాలి? 8086 సంతతికి పైన, 68000 లాంటి వాటికి కింద. అలా ఒకే చిప్పు టీ, బీ అని రెండు రకాలైంది. అదన్నమాట మా వైవా ప్రశ్న అసలు విలువ.

క్యాంపస్ దాటితే తార్నాక. అక్కడ ఓ చిన్న కంపెనీలో (పేరొద్దులెండి) 68000 రకం ప్రాసెసర్‌తో డేటా లాగర్లు చేసేవాళ్ళం. చిప్పు ఏఎమ్‌డీ 29ఎఫ్400, బీ రకం. కింద నుంచి 16, 8, 8, 32 కేబీ, ఆపైన ఏడు 64లు. సెట్టింగులు మొదటి 8 కేబీ సెక్టార్లో. ఓసారి డీలరు టీ రకం పంపాడు. బోర్డు బూటయింది, టెస్టులన్నీ పాసయింది, కస్టమర్ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎవరో మొదటిసారి సెట్టింగ్ మార్చారు. టీ రకంలో ఆ అడ్రసు మొదటి 64 కేబీ సెక్టార్ మధ్యలో పడుతుంది మరి! చెరిపేసరికి రీసెట్ వెక్టర్లతో సహా పోయి, బోర్డు మళ్ళీ లేవలేదు.

మందు చిన్నదే. చిప్పు ఐడీ చదవాలి: 22ఏబీ అయితే బీ, 2223 అయితే టీ. టీ అయితే సెట్టింగులు 480 కేబీ దగ్గరున్న 8 కేబీ సెక్టార్‌కి. బూట్ కోడ్‌కి మాత్రం 64 కేబీ మొత్తం వదిలేయాలి, అప్లికేషన్ దాంట్లో ఉండకూడదు. అంటే లింకర్ స్క్రిప్టూ మారుతుంది.

తర్వాత సీఎఫ్ఐ వచ్చి, చిప్పే తన సెక్టార్ల పట్టిక చెప్పడం మొదలెట్టింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో తిరకాసు. కొన్ని టాప్ బూట్ చిప్పులు ఆ పట్టికని తలకిందులుగా చెబుతాయి! లైనక్స్ డ్రైవర్లో దాన్ని తిరగేయడానికే కొన్ని లైన్లున్నాయి.

ఇదంతా పాత కథనుకునేరు. ఎస్‌టీఎమ్32 ఎఫ్1లో పేజీలు 1 లేదా 2 కేబీ, అన్నీ సమానం. 2011లో వచ్చిన ఎఫ్4లో నాలుగు 16లు, ఒక 64, తర్వాత అన్నీ 128లు. ఎఫ్1లో చివరి పేజీలో సెట్టింగులు పెట్టిన కోడ్‌ని అలాగే ఎఫ్4కి తెస్తే, చిన్న సెట్టింగ్ కోసం 128 కేబీ చెరపాలి. దానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. అదే ఫ్లాష్ నుంచి నడిచే కోడ్ అంతసేపూ ఆగిపోతుంది, ఈలోగా వాచ్‌డాగ్ రీసెట్ కొడుతుంది. అందుకే వెక్టర్లని మొదటి 16లో ఉంచి, సెట్టింగులకి తర్వాతి రెండు 16లు ఇచ్చి, అసలు ప్రోగ్రాముని ఆపైన మొదలెట్టడం నయం.